ఎదుటి కుర్చీ ఖాళీగా వున్నప్పుడు
(ఒంటరి యుద్ధక్రీడకూ, మనిషితో ఆడే యుద్ధక్రీడకూ గల భేదం)

చదరంగం అందరికీ తెలిసిన ఆటే. పేకముక్కలు పరుచుకుని ఒక్కరే కూర్చుని ఆడుకునే ఆటా తెలిసిందే. ఈ రెండింటికీ మధ్యన, మన కాలేజీల్లో అంతగా ప్రచారంలో లేని ఆట మరొకటి వుంది. దాన్ని ఇంగ్లీషులో వార్‌గేమ్ అంటారు. మనం యుద్ధక్రీడ అనుకుందాం. చరిత్రలో జరిగిన ఒక యుద్ధాన్ని తీసుకుని, ఆ ప్రాంతపు పటాన్ని బల్ల మీద పరిచి, సైనిక దళాలకు బదులు అట్టబిళ్లలు పెట్టి, ఇద్దరు మనుషులు రెండు పక్షాలు వహించి ఆడే ఆట ఇది. విచిత్రమేమిటంటే, ఇద్దరు ఆడవలసిన ఈ ఆటను లోకంలో ఎంతోమంది ఒక్కరే ఆడుతూ వుంటారు. అలా ఒక్కరే ఆడితే ఏమి మిగులుతుంది, ఏమి పోతుంది అన్నదే ఈ చిన్న వ్యాసంలో విచారించదలచిన విషయం. ఆటల గురించి మొదలైనా ఈ విచారణ ఆటల దగ్గరే ఆగదని ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

ఆట పుట్టుక, నడక

యుద్ధక్రీడకు పుట్టినిల్లు ప్రష్యా. 1812లో ఫాన్ రైస్విట్జ్ అనే ఆయన ఇలాంటి ఆట నొకదాన్ని తయారుచేసి అక్కడి రాజుకు సమర్పించాడు. ఆయన కుమారుడు సైన్యంలో అధికారి. అతను 1824లో ఆ ఆటను సంస్కరించి, పటాల మీద ఆడేందుకు వీలుగా నియమాలు ప్రకటించాడు. రెండు పక్షాలకూ మధ్య ఒక మధ్యవర్తి వుండేవాడు. శత్రుదళం నిజంగా కంటబడే దూరానికి వచ్చిందని ఆయన తీర్పు చెబితేనే ఆ బిళ్ల పటం మీదికి వచ్చేది. అంటే, ఎదుటివాడి గురించి మనకు తెలియకపోవడం అనేది ఈ ఆటకు మొదటినుంచీ ప్రాణం.

ఇదే ఆట 1954లో అమెరికాలో సామాన్యుల చేతికి వచ్చింది. చార్లెస్ రాబర్ట్స్ అనే యువకుడు 'టాక్టిక్స్' అనే ఆటను అచ్చువేసి అమ్మాడు. 1958 నుంచి అవలాన్ హిల్ అనే కంపెనీ పేరుతో ఇలాంటి ఆటలు వరుసగా వచ్చాయి. పటమంతా తేనెపట్టులా ఆరు కోణాల గళ్లు గీసి వుంటుంది. చదరపు గళ్లలో మూల మీదుగా నడిచేవాడికి దూరం కలిసివస్తుంది. ఆరు కోణాల గడిలో ఎటు కదిలినా దూరం ఒక్కటే. ప్రతి బిళ్ల మీదా రెండు అంకెలుంటాయి. ఒకటి దాని పోరాట బలం, రెండోది ఒక వంతులో అది నడవగలిగిన గళ్లు. ఆరు బలం గలవాడు రెండు బలం గలవాణ్ణి కొడితే నిష్పత్తి మూడుకి ఒకటి. అప్పుడు పాచిక వేసి, ఆ నిష్పత్తి కింద ఆ అంకెకు ఏమి రాసి వుందో పట్టికలో చూసుకోవాలి. శత్రువు నశించవచ్చు, వెనక్కి తగ్గవచ్చు, ఒక్కోసారి కొట్టబోయినవాడే వెనక్కి తగ్గవలసి రావచ్చు.

ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. ఇలా అచ్చయిన ఆటల్లో చాలావాటికి మధ్యవర్తి లేడు. బిళ్లలన్నీ ఇద్దరికీ కనబడుతూనే వుంటాయి. దాగి వున్నది ఒక్కటే, ఎదుటివాడి మనస్సు. ఒక్కరే ఆడితే ఆ ఒక్కటీ కూడా దాగి వుండదు.

అయినా ఒక్కరే ఎందుకు ఆడతారు? ఈ ఆటల రూపకర్తల్లో పేరుమోసిన జేమ్స్ డన్నిగన్ 1980లో వెలువరించిన తన గ్రంథంలో, ఆటగాళ్లు ఎక్కువగా ఒంటరిగానే ఆడతారని రాశాడు. కారణాలు ఊహించడం కష్టం కాదు. ఒక్కో ఆటకు ముప్ఫై నలభై పేజీల నియమాలు. ఆడడానికి ఒక పూటనుంచి వారం రోజులదాకా పట్టవచ్చు. ఊళ్లో అలాంటి పిచ్చి వున్నవాడు ఇంకొకడు దొరకడం కష్టం.

నా వాటర్లూ

డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్ గదిలో నేనూ ఒక యుద్ధక్రీడ తయారుచేసుకున్నాను. డ్రాయింగ్ షీటు మీద పటం, పాత శుభలేఖల అట్టలు కత్తిరించిన బిళ్లలు, అష్టాచెమ్మా ఆడే పాచిక లేక కొట్లో కొన్న వైకుంఠపాళి పాచిక. నేను ఎంచుకున్నది 1815 జూన్ 18న జరిగిన వాటర్లూ యుద్ధం. ఒకవైపు నెపోలియన్. ఎదురుగా ఒక దిబ్బ మీద వెల్లింగ్టన్. 1803లో మన దక్కనులో అస్సాయే దగ్గర మరాఠాలను ఓడించిన వెల్లెస్లీయే ఈ వెల్లింగ్టన్. సాయంత్రానికి తూర్పునుంచి బ్లూషర్ నాయకత్వంలో ప్రష్యా సైన్యం వచ్చి అతనితో కలుస్తుంది. అందాకా అతను నిలబడాలి. నేను పెట్టిన నియమం సులువైనది: చీకటిపడేలోగా నెపోలియన్ వెల్లింగ్టన్ బలంలో సగం నాశనం చేస్తే గెలుపు అతనిది, లేకుంటే వెల్లింగ్టన్‌ది.

ఆరుసార్లు ఒక్కణ్ణే ఆడాను. కుర్చీ ఇటువైపు వేసుకుని నెపోలియన్‌నై ఒక ఎత్తు, అటువైపు వేసుకుని వెల్లింగ్టన్‌నై ఒక ఎత్తు. నాలుగుసార్లు నెపోలియన్ గెలిచాడు, రెండుసార్లు వెల్లింగ్టన్. ఆట చక్కగా తూగిందని మురిసిపోయాను.

ఒక ఆదివారం నా గదిలో వుండే మిత్రుణ్ణి, రసాయనశాస్త్రం విద్యార్థిని, బతిమాలి వెల్లింగ్టన్‌గా కూర్చోబెట్టాను. వాడికి నెపోలియన్ పేరు తప్ప మరేమీ తెలియదు. నియమాలు విన్నాడు. కాసేపు పటం వైపు చూశాడు.

"ఒరేయ్, వీళ్లు ఈ దిబ్బ మీదే నిలబడి చావాలని నీ రూల్సులో ఎక్కడన్నా వుందా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

"అయితే పోదాం పద" అని సైన్యం మొత్తాన్ని వెనక్కి నడిపించాడు. నేను వెంటపడ్డాను. వాడు ప్రతి వంతులోనూ రెండు చిన్న దళాలను అడ్డం పెట్టి మిగతావాళ్లను తీసుకుపోతూనే వున్నాడు. సాయంత్రం అయింది, ప్రష్యావాళ్లు వచ్చారు, వెల్లింగ్టన్ బలంలో అయిదో వంతు కూడా నేను కొట్టలేకపోయాను.

నాకు ఒళ్లు మండింది. "వెల్లింగ్టన్ అలా చెయ్యలేదురా!" అన్నాను.

"నేను వెల్లింగ్టన్‌ని కాదుగా" అన్నాడు.

ఆ రాత్రి పుస్తకాలు మళ్లీ తిరగేశాను. వెల్లింగ్టన్ ఎందుకు పారిపోలేదు? అతని వెనుక వున్నది బ్రస్సెల్స్ పోయే రోడ్డు. అతను తొలగిపోతే ఆ నగరం నెపోలియన్ పరమవుతుంది. పైగా తూర్పునుంచి వస్తున్న బ్లూషర్‌కూ అతనికీ మధ్య సంబంధం తెగిపోతుంది. అక్కడ నిలబడి పోరాడడమే అతని యుద్ధమంతా. ఇది నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ వుంది. కాని నా నియమాల్లో బ్రస్సెల్స్ లేదు! ఆరుసార్లు ఆడినా అది లేదన్న సంగతి నాకు తట్టలేదు. ఎందుకంటే రెండువైపులా కూర్చున్నది నేనే. వెల్లింగ్టన్ దిబ్బ మీద నిలబడతాడని నాకు తెలుసు గనక నిలబెట్టాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న సామెత నా విషయంలో అక్షరాలా నిజమయింది. మర్నాడు బ్రస్సెల్స్ రోడ్డు చేజిక్కితే నెపోలియన్‌దే గెలుపని నియమం చేర్చాను. మా మిత్రుడు దానికీ మరో సందు వెతికాడనుకోండి, అది వేరే కథ.

భేదం ఎక్కడుంది?

పై అనుభవాన్ని విడదీసి చూస్తే మూడు భేదాలు తేలుతున్నాయి.

మొదటిది, ఎర వెయ్యడం కుదరదు. వాటర్లూలో యుద్ధం మొదట్లోనే నెపోలియన్ హూగోమాంట్ అనే తోట బంగళా మీద దాడి చేయించాడు. వెల్లింగ్టన్ కంగారుపడి సైన్యాన్ని అటు తరలిస్తాడనీ, అప్పుడు మధ్యన కొట్టవచ్చుననీ అతని ఎత్తుగడ అని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. వెల్లింగ్టన్ కంగారుపడలేదు. పైపెచ్చు ఫ్రెంచివాళ్లే ఆ బంగళా కోసం రోజంతా సైన్యాన్ని కుమ్మరించారు. మనిషితో ఆడేటప్పుడు ఈ ఘట్టం నిజంగా ఉత్కంఠ కలిగిస్తుంది: ఇది ఎరా, అసలు దాడా? ఒంటరిగా ఆడేవాడికి ఆ ప్రశ్నే లేదు. వేసిన చెయ్యే గాలాన్ని మింగాలి. తెలిసీ మింగితే నటన, మింగకపోతే ఎర వెయ్యడమే దండగ.

రెండవది, తెలియకుండానే పక్షపాతం వస్తుంది. నాకు నెపోలియన్ అంటే ఇష్టం. అతని ఎత్తు వెయ్యడానికి పావుగంట ఆలోచించేవాణ్ణి, వెల్లింగ్టన్ ఎత్తు రెండు నిమిషాల్లో వేసేసేవాణ్ణి. అన్యాయం చేస్తున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు. బిళ్ల రెండు గళ్ల మధ్యన పడితే అది ఎవరికి లాభమో వాళ్లకే ఇచ్చేవాణ్ణి, ఆ 'వాళ్లు' ఎప్పుడూ ఫ్రెంచివాళ్లే. మనిషి ఎదురుగా వుంటే ఇలాంటి చోట గొడవ జరుగుతుంది. ఆ గొడవే న్యాయం.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. ఆర్థికశాస్త్రంలో 2005లో నోబెల్ బహుమతి పొందిన థామస్ షెల్లింగ్ యుద్ధక్రీడలు నడిపిన అనుభవం గలవాడు. ఎంత మేధావి అయినా, తనకు ఎన్నటికీ తట్టని విషయాల జాబితా తాను తయారుచెయ్యలేడని ఆయన భావం. నా ఆరు ఆటలు ఆ జాబితా కోసం నేను చేసిన విఫల ప్రయత్నాలు. నా మిత్రుడు ఒక్క ప్రశ్నతో దాన్ని రాసిచ్చాడు.

ఆస్ట్రియా రచయిత స్టెఫాన్ జ్వైగ్ తన చివరి రోజుల్లో రాసిన చదరంగం కథలో ఇదే చిక్కు కనిపిస్తుంది. నాజీల నిర్బంధంలో ఒంటరి గదిలో వున్న ఖైదీ తనలో తానే తెల్ల పక్షమూ నల్ల పక్షమూ వహించి ఆడతాడు. ఒక బుర్ర తనకు తెలిసిన దాన్ని తనకు తెలియనట్టు వుంచుకోవాలన్న ప్రయత్నంలో అతని మతి చలిస్తుంది. కథే కావచ్చు, కాని చిక్కు అసలైనదే.

ఒకే సంవత్సరం, రెండు బల్లలు

ఇదంతా హాస్టల్ కుర్రవాళ్ల కాలక్షేపం కదా అనుకోవద్దు. 1942 సంవత్సరంలో రెండు దేశాల నౌకాదళాలు ఆడిన రెండు ఆటలు చూడండి.

ఆ ఏడు మే నెలలో, జపాన్ నౌకాదళం మిడ్వే దాడికి ముందు యమాటో యుద్ధనౌక మీద ఆ దాడిని బల్ల మీద ఆడి చూసుకుంది. అమెరికా పక్షం వహించినవాడూ జపాన్ అధికారే, మధ్యవర్తి ఉగాకీ వాళ్ల నౌకాదళ ప్రధానాధికారుల్లో ఒకడు. ఆటలో అమెరికా విమానాలు దాడి చేశాయి. పాచిక వేస్తే జపాన్ విమానవాహక నౌకలకు తొమ్మిది దెబ్బలు తగిలినట్టు తేలింది. అకాగీ, కాగా అనే రెండు పెద్ద నౌకలు మునిగాయి. ఉగాకీ ఆ తొమ్మిదిని మూడుకు తగ్గించాడు. దాంతో అకాగీ బతికింది. కాగా మునిగినట్టే వుండాలి, కాని ఆట తరువాతి భాగంలో అదీ తేలి వచ్చింది. తరువాత ఫుచిదా, ఒకుమియా అనే ఇద్దరు జపాన్ అధికారులు రాసిన గ్రంథంలో ఈ కథ వుంది. జూన్ 4న అసలు మిడ్వేలో జరిగిన దాడుల్లో అకాగీ, కాగా, సోర్యూ, హిర్యూ నాలుగూ దెబ్బతిని పోయాయి. నిజానికి, ఆట ముందుకు సాగడానికి మధ్యవర్తి ఫలితం సవరించడం అన్నివేళలా తప్పు కాదు. కాని ఆ గదిలో అమెరికావాడిగా ఆలోచించి, ఆ తీర్పును ఎదిరించి, "మరి నేను నిజంగానే అక్కడ వుంటే?" అని గట్టిగా నిలదీసే మనిషి మాట చెల్లలేదు. గది నిండా జనం వున్నా వాళ్లు ఆడింది ఒంటరి ఆటే!

అదే ఏడు జనవరిలో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో గిల్బర్ట్ రాబర్ట్స్ అనే నౌకాదళ అధికారి, క్షయవ్యాధి వల్ల అంతకుముందే ఉద్యోగ విరమణ చేసినవాడు, ఒక భవనం పై అంతస్తులో మరో ఆట మొదలుపెట్టాడు. సరుకు ఓడలను ముంచుతున్న జర్మన్ జలాంతర్గాములను ఎదుర్కోవడం ఎలా అన్నది సమస్య. గది నేలే సముద్రం. నౌకల అధికారులు తెరల వెనుక నిలబడి చిన్న కంతల్లోంచి మాత్రమే ఆటను చూడాలి. నౌకాదళ మహిళా విభాగానికి చెందిన యువతులు ఓడలను జరిపేవారు, లెక్కలు కట్టేవారు, శత్రుపక్షం కూడా వహించేవారు. వాళ్లలో చాలామంది ఇరవై ఏళ్ల ప్రాయంవాళ్లు. జలాంతర్గామి ఓడల గుంపు బయటనుంచే కొడుతోందని అప్పటిదాకా అనుకునేవారు. ఆట ఆడి చూస్తే అది గుంపు లోపలికే చొరబడుతోందని తేలింది. దానికి తగిన ఎదురు ఎత్తులు పుట్టాయి. తాను స్వయంగా జలాంతర్గామి నడిపిన అడ్మిరల్ మాక్స్ హోర్టన్ ఒకసారి వచ్చి శత్రువుగా ఆడి వరుసగా అయిదుసార్లు ఓడిపోయాడనీ, ఓడించింది జానెట్ ఓకెల్ అనే యువతి అని తెలిసి కినుక పడ్డాడనీ చెబుతారు. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడన్నారు పెద్దలు. లివర్‌పూల్‌లో ఆ తన్నేవాళ్లకు చోటిచ్చారు. భేదమంతా అక్కడే వుంది.

కాగితపు ప్రత్యర్థి

మరి ఒంటరి ఆట బొత్తిగా పనికిరాదా? అలా అనడం తొందరపాటే. నియమాలు నేర్చుకోవడానికి అంతకు మించిన మార్గం లేదు. తొందరపెట్టేవాడు లేడు గనక ఎత్తు వెనక్కి తీసుకుని "ఇలాగైతే?" అని చూడవచ్చు. గెలవాలన్న తపన లేదు గనక రెండు పక్షాల కష్టాలూ సమానంగా చూడగల తీరిక వుంటుంది. చరిత్ర విద్యార్థికి ఇది పెద్ద లాభం. చదరంగ వీరులు ఒంటరిగానే గంటల తరబడి ఆటలు విశ్లేషించుకుంటారు కదా.

ఎదుటివాడి లోటు తీర్చడానికి రూపకర్తలు ఎన్నో ఉపాయాలు పన్నారు. డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ అనే ఆయన 1973లో ఒంటరి యుద్ధక్రీడ మీదనే ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశాడు. తరువాత ఒంటరివాడి కోసమే తయారైన ఆటలు వచ్చాయి. 1983లో వచ్చిన 'ఆంబుష్' అనే ఆటలో మీ చిన్న దళం ఒక గడిలో అడుగుపెట్టగానే ఒక అంకె వస్తుంది. ఆ అంకె గల పేరా తెరిచి చదివితేగాని అక్కడ ఏముందో తెలియదు. 2009లో జాన్ బటర్‌ఫీల్డ్ రూపొందించిన ఒమాహా తీరపు ఆటలో మీరు అమెరికన్లను మాత్రమే నడుపుతారు. జర్మన్లు ఎప్పుడు, ఎక్కడినుంచి కాలుస్తారో పేకముక్కలు నిర్ణయిస్తాయి. ఇవి మనకు రహస్యాన్నీ, భయాన్నీ తిరిగి ఇస్తాయి. కాని ఈ కాగితపు ప్రత్యర్థికి మీరెవరో తెలియదు. మీ బలహీనత గమనించి దాని మీదే దెబ్బకొట్టాలన్న కోరిక దానికి లేదు.

"యంత్రాలు తమతో తామే ఆడి ప్రపంచ విజేతల్ని మించిపోయాయి కదా?" అని కంప్యూటర్ విద్యార్థులు అడగవచ్చు. నిజమే. 2017లో ఆల్ఫాజీరో అనే యంత్రం తనతో తానే లక్షల ఆటలు ఆడి చదరంగంలో అసాధారణ స్థాయికి చేరింది. కాని చదరంగంలో దాగినదేదీ లేదు. శత్రువు కదలికలు దాగివుండే స్టార్‌క్రాఫ్ట్ అనే ఆట కోసం 2019లో ఆల్ఫాస్టార్‌ను తయారుచేసినప్పుడు తనతో తాను ఆడడం ఒక్కటే చాలలేదు. దాని తప్పులు వెతికి కొట్టడమే పనిగా పెట్టుకున్న వేరే ప్రత్యర్థులను ప్రత్యేకంగా తయారుచేసి దాని మీదికి వదలవలసి వచ్చింది. యంత్రానికి కూడా నా గదిలోని మిత్రుడివంటివాడు కావలసి వచ్చాడన్నమాట.

ఏతావాతా

విద్యార్థి మిత్రులారా! ఒంటరిగా ఆడవలసి వస్తే నా అనుభవంలో తేలిన మూడు సూత్రాలు పాటించండి. ఒకటి, మీకు ఇష్టం లేని పక్షం ఎత్తు ముందు ఆలోచించండి, దానికే ఎక్కువ సేపు కేటాయించండి. రెండు, ఆ పక్షానికి మూడు వేర్వేరు పథకాలు కాగితం మీద రాసి, ఏది అమలు చెయ్యాలో పాచికకు వదిలెయ్యండి. మూడు, పాచిక ఏమి చెబితే అదే. మునిగిన ఓడను మళ్లీ తేల్చకండి.

అయినా ఒకనాటికి ఆ బల్ల ముందుకు మరో మనిషిని పిలవక తప్పదు. ఇది అట్టబిళ్లల సంగతి మాత్రమే కాదు. వక్తృత్వ పోటీకి వెళ్లేముందు రాత్రి మంచం మీద పడుకుని "వాడు ఇలా అంటాడు, నేను ఇలా అంటాను" అని మనం అనుకునేది ఒంటరి యుద్ధక్రీడే. అందులో వాడి మాటలూ మనమే రాస్తాం, అందుకే రాత్రంతా మనమే గెలుస్తాం. పరిశోధన వ్యాసం రాసేవాడిదీ, యూనియన్ ఎన్నికల్లో నిలబడేవాడిదీ, పాఠం చెప్పే మాబోటివాళ్లదీ అదే తంతు. తరగతిలో వెనుక బెంచీ నుంచి లేచి "అలాగని ఎక్కడుందండీ?" అని అడిగే కుర్రవాణ్ణి చూస్తే మాకు మొదట ఒళ్లు మండుతుంది. మా నియమాల్లో బ్రస్సెల్స్ లేదని చెప్పేది వాడే.

ఆ శుభలేఖల బిళ్లలు ఇప్పటికీ నా దగ్గర ఒక బిస్కెట్ల డబ్బాలో వున్నాయి. పటం మడతల దగ్గర చిరిగితే బట్ట అతికించాను. మా మిత్రుడు ఉద్యోగరీత్యా దూరదేశంలో వున్నాడు. శనివారం సాయంత్రాలు చరిత్ర శాఖ గదిలో ఆ పటం పరుచుకుని కూర్చుంటాను. ఎదుటి కుర్చీ ఖాళీగానే వుంటుంది. నెపోలియన్ గురించి ఏమీ తెలియనివాళ్లయితే మరీ సంతోషం. వచ్చి కూర్చోండి.